పోర్ట్‌లాండ్ నుంచి సియాటెల్‌కు డేటాబేస్ రైలు

పోర్ట్‌లాండ్ యూనియన్ స్టేషన్‌ను 1896లో తెరిచారు. ఇటుకల కట్టడం, దాని నెత్తిన పొడవాటి గడియారపు గోపురం, గోపురం మీద ‘గో బై ట్రైన్’ అని రాత్రిపూట వెలిగే నియాన్ అక్షరాలు. రైల్లో వెళ్లండి బాబూ అని జనాన్ని బతిమాలుకోవలసి వచ్చిందంటేనే అమెరికాలో రైళ్ల గతేమిటో అర్థమవుతుంది. కొన్నేళ్ల కిందట, అక్టోబరు నెలాఖరులో ఒక ఆదివారం, ఆ స్టేషన్‌లోని పాతకాలపు చెక్క బల్లల మీద కూర్చున్నవాళ్లను చూస్తే మాత్రం అంత బతిమాలక్కర్లేదనిపించింది. వీపున లాప్‌టాప్ సంచులు, ఒంటి మీద ఏదో ఒక ఊరి పేరు అచ్చేసిన చొక్కాలు, చేతుల్లో కాఫీ కప్పులు. ఆ చొక్కాల మీది పేర్లు ఒకచోట చేరిస్తే అమెరికా పటం సగం నిండుతుంది. అంతా డేటాబేస్ పనివాళ్లు. సియాటెల్ వెళ్లే ఆమ్‌ట్రాక్ కాస్కేడ్స్ రైల్లో ఒక పెట్టెను వీళ్లకోసం ముందుగానే తీసి పెట్టారు. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ పేరుతో దాన్ని ‘ఎస్‌క్యూఎల్ ట్రైన్’ అనేవాళ్లు.

ఏర్పాటు ఇదీ. శనివారం పోర్ట్‌లాండ్‌లో అక్కడి యూజర్ గ్రూపు వాళ్లు ఉచితంగా శిక్షణ తరగతులు పెట్టేవాళ్లు. పాఠాలు చెప్పడానికి దేశం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు ఎలాగూ ఆ వారమే సియాటెల్‌లో జరిగే పెద్ద సదస్సు ‘పాస్ సమ్మిట్’కు వెళ్లాల్సి ఉండేది. మధ్యలో ఆదివారం ఖాళీ. ఎవరి దారిన వాళ్లు విమానం ఎక్కే బదులు అంతా కలిసి రైలెక్కితే పోలేదా అని ఎవరికో తోచింది. నేను అప్పట్లో ఆఫీసు పని మీద పోర్ట్‌లాండ్ పక్కనున్న బీవర్టన్‌లో ఉన్నాను. సమ్మిట్ ఫీజు దాదాపు రెండు వేల డాలర్లు, అది కంపెనీ కట్టింది. శనివారం తరగతులు ఉచితం. రైలు టికెట్టు ఒక్కటే నా ఖర్చు.

ఈ ప్రయాణం ఎందుకో తెలియాలంటే డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. బ్యాంకులో మీ నిల్వ, రైలు టికెట్టు, ఆస్పత్రిలో రక్తపరీక్ష ఫలితం, కరెంటు బిల్లు, ఏదైనా చివరికి ఒక డేటాబేస్‌లోకే వెళ్లి కూర్చుంటుంది. దాన్ని కాపాడడం, వేగంగా నడిచేలా చూడడం, పోతే తిరిగి తేవడం డీబీఏ పని. అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం ఆఫీసులో అలాంటి మనిషి ఒకరున్నారని ఎవరికీ గుర్తుండదు. రాత్రి రెండింటికి మోగే ఫోను మాత్రం ఆ మనిషిదే. ప్రోగ్రామర్లు యాభై మంది ఉన్నచోట డీబీఏలు ఒకరో ఇద్దరో ఉంటారు. అంటే సందేహం వస్తే పక్క కుర్చీ వైపు తిరిగి అడగడానికి తోటి పనివాడు ఉండడు. ఆ తోటి పనివాడు పక్క కంపెనీలో ఉంటాడు, అతనికీ అడగడానికి ఎవరూ ఉండరు. యూజర్ గ్రూపులు పుట్టింది ఈ ఒంటరితనంలోంచే. నెలకొక సాయంత్రం, ఎవరో ఇచ్చిన గదిలో, ఎవరో తెప్పించిన పిజ్జాలు తింటూ ఒక గంట పాఠం వింటారు. పాఠానికి ముందు ‘ఎవరి దగ్గర ఉద్యోగాలున్నాయి, ఎవరికి కావాలి’ అని చేతులెత్తించడం ఆనవాయితీ.

శనివారం తరగతులు ఆ నెలవారీ సాయంత్రాల నుంచే పెరిగాయి. వీటి పేరు ‘ఎస్‌క్యూఎల్ సాటర్‌డే’. మొదటిది 2007 నవంబరులో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో జరిగింది. ఆండీ వారెన్, స్టీవ్ జోన్స్, బ్రయాన్ నైట్ అనే ముగ్గురు మొదలుపెట్టారు. రెండు వేల డాలర్లు పెట్టి సదస్సుకు పంపే యజమాని అందరికీ దొరకడు కదా, అలాంటివాళ్ల ఊరికే పాఠాన్ని తీసుకెళ్దాం అన్నది వాళ్ల ఆలోచన. ఆఫీసు ఉండదు కాబట్టి శనివారం. కాలేజీలు ఖాళీగా ఉంటాయి కాబట్టి కాలేజీ గదులు. సాఫ్ట్‌వేర్ అమ్ముకునే కంపెనీలు వరండాలో బల్లలు వేసుకుని ఖర్చు భరిస్తాయి. మధ్యాహ్నం భోజనానికి కొన్నిచోట్ల పది డాలర్లు తీసుకుంటారు. ఆ పద్ధతి ఎంత తేలికంటే, 2010లో దాన్ని సమ్మిట్ నడిపే ‘పాస్’ సంఘానికి అప్పజెప్పాక ఖండాలు దాటింది. ఒక్కో ఊరి తరగతులకు ఒక్కో వరుస సంఖ్య ఇచ్చేవాళ్లు. 2020 నాటికి ఆ సంఖ్యలు వెయ్యి దరిదాపులకు వెళ్లాయి.

పోర్ట్‌లాండ్ శనివారం వానతోనే తెల్లవారింది. అక్టోబరులో అక్కడ వాన పడకపోతేనే వార్త. పొద్దున ఎనిమిదిలోపే గుమ్మం దగ్గర మెడలో వేసుకునే చీటీలు పంచుతున్నారు. ఒక బల్ల నిండా డోనట్లు. చీటీలు ఇస్తున్నాయన పెద్ద కంపెనీలో సీనియర్ ఆర్కిటెక్టు అని తర్వాత తెలిసింది. కుర్చీలు సర్దుతున్నాయన పుస్తకం రాసిన మనిషి. పాఠం చెప్పేవాళ్లకు పైసా ఇవ్వరు. విమానం, హోటలు, అన్నీ చేతి చమురే. వాళ్లకు దక్కేది ముందురోజు రాత్రి ఒక విందు, ఒక చొక్కా. ‘అడిగేవాడికి చెప్పేవాడు లోకువ’ అని మనమంటాం గానీ, ఆ వరండాలో అడిగేవాడూ చెప్పేవాడూ ఒకే డోనట్ల వరసలో నిలబడ్డారు.

ఆ రోజు నేను విన్నవాటిలో ఒక పాఠం ‘పారామీటర్ స్నిఫింగ్’ మీద. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక క్వెరీని (సమాచారం కోసం అడిగే ప్రశ్నను) మొదటిసారి నడిపేటప్పుడు, ఆ సమయానికి చేతికొచ్చిన విలువను చూసి, సమాచారాన్ని ఎలా తేవాలో ఒక ప్లాను వేసుకుంటుంది. ప్రతిసారీ వేయడం దండగ కాబట్టి దాన్నే దాచుకుని తర్వాతి వాళ్లకూ వాడుతుంది. మొదట వచ్చింది పది ఆర్డర్లున్న చిన్న ఖాతాదారు అనుకోండి, ఆ ప్లాను అతనికి చక్కగా సరిపోతుంది. తర్వాత పది లక్షల ఆర్డర్లున్న పెద్ద ఖాతాదారు వస్తాడు. ఇద్దరికి అన్నం వండిన గిన్నెతోనే పెళ్లివంటకు దిగినట్టు, సర్వర్ ఆ పాత ప్లానుతోనే పనికి దిగి చతికిలబడుతుంది. చిత్రమేమిటంటే సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే దాచుకున్న ప్లాన్లన్నీ చెరిగిపోతాయి, సమస్య మాయమవుతుంది. అందుకే కొన్ని ఆఫీసుల్లో ‘స్లో అయితే రీస్టార్ట్ చెయ్’ అన్నది ఏళ్ల తరబడి వైద్యంగా చెల్లుబాటవుతుంది, రోగం పేరే తెలియకుండా. చెప్పినాయన స్లయిడ్లు పక్కన పెట్టి, మా కళ్ల ముందే ఒక క్వెరీని కుంటించి, మళ్లీ నడిపించి చూపించాడు. గదిలో సగం మంది తలలు పట్టుకున్నారు. వాళ్లందరికీ తమ సోమవారం ఉదయాలు కనిపించి ఉంటాయి.

ఇంకొకటి బ్యాకప్‌ల మీద. చెప్పినావిడ ఒక చిన్న ప్రభుత్వ కార్యాలయంలో ఏకైక డీబీఏ. రోజూ రాత్రి బ్యాకప్ పూర్తయిందని ఆవిడకు మెయిల్ వచ్చేది. డిస్కులో కొన్ని పేజీలు ఎప్పుడో పాడయ్యాయి. అవి రోజూ వాడే పేజీలు కావు కాబట్టి ఎవరి కంటా పడలేదు. బ్యాకప్ వాటిని ఉన్నవి ఉన్నట్టే నకలు తీసి, అంతా బాగుందని రోజూ చెబుతూ వచ్చింది. పాత నకళ్లు నిల్వ గడువు దాటి ఒక్కొక్కటే చెరిగిపోయాయి. అవసరమొచ్చిన రోజున చూస్తే మిగిలిన ప్రతి నకలులోనూ ఆ చెడిన పేజీలే. ఎన్ని రాత్రులు కూర్చుని, ఎక్కడెక్కడి కాగితాలు తిరగేసి ఆ అంకెలు మళ్లీ ఎక్కించారో ఆవిడ నవ్వుతూనే చెప్పింది. “బ్యాకప్‌ను వేరే సర్వర్ మీద రీస్టోర్ చేయండి. అక్కడ చెక్‌డీబీ నడిపి పేజీలు బాగున్నాయో లేదో చూడండి. ఆ రెండూ అయ్యేదాకా అది బ్యాకప్ అని నాతో అనకండి” అని ముగించింది. తన కార్యాలయం పేరు చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఏ కంపెనీ పత్రికా ప్రకటనలోనూ, ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ కథ దొరకదు. ఓడిపోయినవాళ్లు ఎదురుగా నిలబడి చెబితేనే వినపడుతుంది.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోర్సులకు పేరుపడ్డ అమీర్‌పేటను తక్కువ చేసి మాట్లాడే అలవాటు నాకు లేదు. మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా అంటించిన కోర్సుల కాగితాలు, ఆదిత్య ఎన్‌క్లేవ్ మెట్ల మీద ఫ్రీ డెమో క్లాసు కోసం బారులు తీరిన కుర్రాళ్లు, జిరాక్సు తీయించుకున్న మెటీరియల్ కట్టలు. తెలుగువాళ్లలో ఒక తరం మధ్యతరగతి ఇల్లు కట్టుకుందంటే అందులో ఆ సందుల చలవ చాలా ఉంది. నేనూ ఆ మెట్లెక్కినదాన్నే. కానీ అక్కడ ఫీజు తీసుకుని చెప్పేది ఇంటర్వ్యూ గట్టెక్కించే చదువు. ప్రశ్న ఏదొస్తుంది, జవాబు ఎలా చెప్పాలి, రెజ్యూమెలో ఏం రాయాలి. పని చేస్తుండగా ఏం విరిగిపోతుందన్నది ఆ సిలబస్‌లో ఉండదు, ఉంటే చేరేవాళ్లు తగ్గిపోతారు. పోర్ట్‌లాండ్ కాలేజీ గదిలో ఆ రోజంతా నేను విన్నది విరిగినవాటి గురించే. చెప్పినవాళ్లకు అమ్ముకోవడానికి కోర్సు లేదు కాబట్టే అలా చెప్పగలిగారు.

ఉచితం అంటే పాఠం ఒక్కటే కాదు. స్వీడన్‌కు చెందిన ఓలా హాలెంగ్రెన్ రాసిన బ్యాకప్, ఇండెక్సు నిర్వహణ స్క్రిప్టులు ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్ల మీద రాత్రిపూట నడుస్తుంటాయి. ఆడమ్ మెకానిక్ రాసిన ‘హూ ఈజ్ యాక్టివ్’ లేకపోతే, ఈ క్షణాన సర్వర్‌ను ఎవరు తొక్కిపట్టారో తెలుసుకోవడానికి ఆపసోపాలు పడాలి. బ్రెంట్ ఓజార్ బృందం ఇచ్చే ‘ఫస్ట్ రెస్పాండర్ కిట్’ కూడా అంతే. కొత్త డీబీఏలకు ఇలాంటివి ఉన్నాయని తెలిసేది చాలాసార్లు ఈ శనివారాల్లోనే, అదీ పాఠం మధ్యలో ఎవరో మాటవరసకు అన్నప్పుడు.

సాయంత్రం లాటరీ. వరండాలో బల్లలు వేసిన కంపెనీలు పుస్తకాలూ బొమ్మలూ ఇస్తాయి. పేరు పిలిచినప్పుడు గదిలో లేకపోతే బహుమతి పోతుంది కాబట్టి జనం చివరిదాకా ఉంటారు. నాకేమీ రాలేదు.

మర్నాటి రైలు దగ్గరికి వస్తాను. స్టేషన్ దాటిన కాసేపటికి విలామెట్ నది మీది వంతెన, ఆ తర్వాత కొలంబియా నది. కొలంబియా దాటితే వాషింగ్టన్ రాష్ట్రం. అక్కడి నుంచి చాలాసేపు నది ఎడమ కిటికీల పక్కనే వస్తుంది. దుంగల ఓడలు, బూడిదరంగు నీళ్లు, అవతలి గట్టున మంచులో సగం మునిగిన దేవదారు చెట్లు. మా పెట్టెలో మాత్రం బయటికి చూసేవాళ్లు తక్కువ. సీట్ల మధ్య దారిలో నిలబడి మాట్లాడుకునేవాళ్లు, పేకాట వేసుకున్నవాళ్లు, ఇద్దరు ముగ్గురు ఇంకా స్లయిడ్లు దిద్దుకుంటున్నవాళ్లు. ఇంజనీర్లు సిగ్గరులని లోకం అంటుంది. తమ పని అర్థమయ్యే మనిషి ఎదురుపడితే వాళ్లు మాట ఆపరు.

కెల్సో స్టేషన్ దాటుతుంటే తూర్పున సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం ఉండాలి. మబ్బుల్లో కనిపించలేదు.

నా పక్క సీటులో కూర్చున్నాయన ఇంగ్లీషులో రెండు మాటలు కాగానే “మీరు తెలుగా అండీ?” అన్నాడు. మాటలో కృష్ణా నీళ్లు తెలిసిపోతూనే ఉన్నాయి. “మాది తెనాలండి. మీదే ఊరు?” అంటూ పులిహోర డబ్బా తీశాడు. ఒక బీమా కంపెనీలో పనట. ఏటా సమ్మిట్‌కు వస్తాడు, తన ఊళ్లో శనివారాలకు తప్పకుండా వెళ్తాడు. ఎప్పుడైనా మీరు పాఠం చెప్పారా అని అడిగాను.

“మనకెందుకండీ అవన్నీ? వాళ్లలా జోకులేసి మాట్లాడడం మనకు రాదు. పైగా ఆఫీసులో తెలిస్తే ఏమంటారో.”

“మీరు చేసిన మైగ్రేషన్ కథ ఇప్పుడే నాకు చెప్పారు కదండీ. అదే చెప్పండి.”

“మీకు చెప్పడం వేరండీ,” అని నవ్వేసి పులిహోర ముందుకు జరిపాడు.

ఆ పెట్టెలో మనవాళ్లు ఇంకా ఉన్నారు. నిన్నటి తరగతుల్లోనూ ప్రతి గదిలో కనిపించారు, ఎక్కువగా వెనక వరసల్లో. చెప్పేవాళ్ల జాబితాలో మాత్రం వెతకాల్సి వచ్చింది. వీసా భయం కొంత, ఉచ్చారణ గురించిన బెరుకు కొంత ఉండొచ్చు. మార్కుల కోసం చదివిన చదువు వల్ల, తప్పు జరిగిందని నలుగురిలో చెప్పడం పరువు తక్కువ అనుకునే అలవాటు ఇంకా ఎక్కువని నా అనుమానం.

మాటల్లో ఎవరో ఈ యూజర్ గ్రూపుల పుట్టుక గురించి ఎత్తారు. డేటాబేస్ అనే మాట వ్యాపారంలోకి రాకముందే యూజర్ గ్రూపు ఉంది. 1955లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో విమానాలు తయారుచేసే కంపెనీలు ఐబీఎం 704 యంత్రాలు కొనబోతున్నాయి. ఆ రోజుల్లో యంత్రంతోపాటు సాఫ్ట్‌వేర్ పెద్దగా వచ్చేది కాదు, ప్రతి కంపెనీ అవే ప్రోగ్రాములు సొంతంగా రాసుకునేది. ఒకే పని పదిచోట్ల పదిసార్లు. బయట ఒకరితో ఒకరు పోటీపడే ఆ కంపెనీల పనివాళ్లు ఆగస్టులో శాంటా మోనికాలోని ర్యాండ్ సంస్థలో కూర్చుని, రాసినవి పంచుకుందామని ఒప్పందానికొచ్చారు. ఆ సంఘానికి ‘షేర్’ అని పేరు పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. కంపెనీలు పోటీపడతాయి, వాటిల్లో పనిచేసేవాళ్లకు మాత్రం ఒకటే తలనొప్పి ఉంటుంది. ఆ సంగతి 1955లోనే తేలిపోయింది.

ఒలింపియా దాటాక అసలు అందం మొదలైంది. అప్పటికి రైళ్లు ఇంకా పాత దారినే వెళ్లేవి. ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ గట్టునే పట్టాలు, అల తగులుతుందేమో అన్నంత దగ్గరగా. 2017 డిసెంబరులో లోపలి దారికి మార్చిన తొలిరోజే డ్యూపాంట్ దగ్గర రైలు పట్టాలు తప్పి ముగ్గురు చనిపోయారు. దాంతో కొన్నేళ్లు మళ్లీ గట్టు దారికే వచ్చి, 2021లో మళ్లీ లోపలికి మారింది. ఇప్పుడు వెళ్లేవాళ్లకు ఆ నీళ్లు కనిపించవు. టకోమా చేరబోతుండగా రెండు పెద్ద వంతెనల కిందుగా వెళ్లాం. పేకాట ఆగింది. అందరూ కిటికీల దగ్గరికి వచ్చారు.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లకు కూడా టకోమా నారోస్ పేరు తెలుసు. అక్కడ మొదట కట్టిన వంతెన 1940 జులైలో తెరిచారు, నవంబరు 7న కూలిపోయింది. గంటకు నలభై మైళ్ల గాలికి ఆరేసిన బట్టలా మెలికలు తిరిగి తెగిపడింది. మనుషులెవరూ పోలేదు, కారులో చిక్కుకున్న ఒక కుక్క పోయింది. అది కూలుతుండగా తీసిన ఫిలిం ఉంది కాబట్టి ప్రపంచమంతా పాఠంగా చూపిస్తారు. ఆ తర్వాత కట్టే వేలాడే వంతెనల నమూనాలను గాలి సొరంగాల్లో పెట్టి పరీక్షించడం రివాజైంది. సివిల్ ఇంజనీర్లకు ఆ ఒక్క ఓటమి ఎంత పనికొచ్చిందో! డేటాబేస్ కూలినప్పుడు ఫిలిం తీసేవాడు ఉండడు. మర్నాడు ఒక మెయిల్ వస్తుంది, ‘సాంకేతిక కారణాల వల్ల అంతరాయం’ అని. అసలు కథ తెలిసిన మనిషి ఏ శనివారమో నోరు విప్పితేనే ఆ ఫిలిం మనం చూడగలిగేది.

సియాటెల్ కింగ్ స్ట్రీట్ స్టేషన్ 1906 నాటిది. దాని గోపురాన్ని వెనిస్‌లోని సెయింట్ మార్క్ గంటగోపురం చూసి కట్టారు. దిగేసరికి చీకటిపడింది, వాన అలాగే ఉంది. తెనాలాయన బెల్‌వ్యూలో ఇడ్లీ దొరికే చోటు చెప్పి వెళ్లిపోయాడు.

పాస్ సమ్మిట్‌కు శనివారానికిచ్చినంత చోటు ఇవ్వను. కన్వెన్షన్ సెంటర్, వేలమంది జనం, వేదిక మీద మైక్రోసాఫ్ట్ అధికారుల ప్రకటనలు, తివాచీల మీద అమ్మకాల బల్లలు. పెద్ద సదస్సులన్నీ ఒకలాగే ఉంటాయి. అయినా కొన్ని సంగతులు మనసులో నిలిచాయి. మొదటిసారి వచ్చినవాళ్ల మెడచీటీకి ఒక రిబ్బను అంటించారు. అది చూసి తెలియనివాళ్లు కూడా వచ్చి పలకరించారు, భోజనానికి తమ బల్ల దగ్గరికి పిలిచారు. ఒక రోజు మగవాళ్లు చాలామంది స్కాట్లాండ్ గళ్ల లంగాలు కట్టుకుని తిరిగారు. మొదట వేళాకోళంగా మొదలై, తర్వాత ఈ రంగంలోని ఆడవాళ్లకు మద్దతుగా మారిందట. ఆ రోజు మధ్యాహ్నమే మహిళల సభ, విందు. రాత్రుళ్లు కరవోకే పాటలు. శ్రుతి సంగతి అడగొద్దు.

గతంలో ఈ వేదిక మీద డేవిడ్ డివిట్ ఇచ్చిన ఉపన్యాసాల గురించి పాతవాళ్లు ఇంకా చెప్పుకుంటున్నారు. విశ్వవిద్యాలయంలో డేటాబేస్ పరిశోధనలో తలపండిన మనిషి, అమ్మకం మాట ఒక్కటి లేకుండా, ప్లాన్లు వేసే క్వెరీ ఆప్టిమైజర్ ఎందుకు తప్పటడుగు వేస్తుందో వేలమందికి తరగతి గదిలోలాగే చెప్పాడట. వాటిని తెరమీది ప్రకటనల కన్నా ఎక్కువగా గుర్తుంచుకున్నారంటే అక్కడికి వచ్చేవాళ్ల ఆకలి దేనికో తెలుస్తోంది.

నాకు ఫీజు గిట్టింది ‘ఎస్‌క్యూఎల్ క్లినిక్’ దగ్గర. ఉత్పత్తిని తయారుచేసిన ఇంజనీర్లే ఒక గదిలో కూర్చునేవాళ్లు, మన సమస్య వాళ్ల ముందు పెట్టే వీలుండేది. మా సర్వర్‌లో ప్రతి సోమవారం ఒకే సమయానికి రెండు పనులు ఒకదానికొకటి అడ్డుపడి ఆగిపోయేవి, ఆ డెడ్‌లాక్ గ్రాఫు పట్టుకెళ్లాను. చూసినతను హన్మకొండ కుర్రాడు. “ఇది ఇండెక్స్ ఒక్కటి తక్కువున్నదక్కా, లాకులు ఎదురెదురు వరుసల పడుతున్నయి,” అని కాగితం మీద రెండు బాణాలు గీసి చూపించాడు. ఆఫీసులో మేం నెలల తరబడి కొట్టుకున్నది ఆ రెండు బాణాల కోసమే. 

మరో గదిలో ‘స్పీకర్ ఐడల్’ పోటీ చూశాను. అంతవరకు సమ్మిట్‌లో పాఠం చెప్పనివాళ్లు తలా ఐదు నిమిషాలు మాట్లాడారు. న్యాయనిర్ణేతలు మొహమాటం లేకుండా తప్పులు చెప్పారు. నెగ్గినవాళ్లకు మరుసటి ఏడు వేదిక ఖాయంగా ఉండేది. చూస్తున్నంతసేపూ నాకు తెనాలాయనే గుర్తుకొచ్చాడు.

ఆ సమ్మిట్ నడిపిన సంఘం ‘పాస్’ ఇప్పుడు లేదు. 1999లో పుట్టింది. రోజువారీ నిర్వహణ ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో, ఆదాయం ప్రధానంగా ఈ ఒక్క సదస్సు మీద. 2020లో కరోనా వచ్చి సదస్సును ఆన్‌లైన్‌లో పెట్టాల్సి వచ్చింది, లెక్కలు తలకిందులయ్యాయి. డిసెంబరులో ప్రకటన, 2021 జనవరి 15తో మూత. ఉన్న కొద్ది వారాల్లో ఊరూరా గ్రూపులు నడిపేవాళ్లు తమ సభ్యుల జాబితాలూ, పాత పాఠాలూ దించుకోవడానికి పరుగులు పెట్టారు. బ్యాకప్ గురించి లోకానికి పాఠాలు చెప్పేవాళ్ల సంఘానికే ఆ అవస్థ పట్టడం నవ్వు తెప్పించే విషయమే, కానీ అప్పుడు ఎవరూ నవ్వలేదు. 

తర్వాత కేంబ్రిడ్జ్‌కు చెందిన రెడ్‌గేట్ కంపెనీ ఆ పేరునూ ఆస్తులనూ కొని, సమ్మిట్‌ను కొత్త పేరుతో మళ్లీ నిలబెట్టింది. 2022లో సియాటెల్‌లో మళ్లీ జనం కూడారు. శనివారాలు మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. కొందరు ‘డేటా సాటర్‌డే’ అని కొత్త పేరు పెట్టుకున్నారు. పాత పేరుతోనే స్టీవ్ జోన్స్ వంటివాళ్లు లాభాపేక్ష లేని సంస్థ పెట్టి నడుపుతున్నారు. ఒక గది, ఒక మనిషి, ఒక గంట, కొన్ని పిజ్జాలు. మూతపడడానికి అందులో పెద్దగా ఏముంది? కోట్ల బడ్జెట్ ఉన్న సంఘం పోయింది, జమాఖర్చు పుస్తకమైనా లేని గ్రూపులు మిగిలాయి. నా ఓటు ఎటో చెప్పనక్కర్లేదు.

మన దగ్గర ఇవేవీ లేవని కాదు. అఖిల భారత ఒరాకిల్ యూజర్ల సంఘం ‘సంగం’ సదస్సులను హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ పెడుతూ వచ్చింది. పోస్ట్‌గ్రెస్ వాళ్లు బెంగళూరులో ఏటా కలుస్తున్నారు. హైటెక్ సిటీలో చిన్న మీటప్‌లు జరుగుతూనే ఉన్నాయి. హాజరుకు లోటుండదు, సర్టిఫికెట్ ఇస్తారా అన్న ప్రశ్నకూ లోటుండదు. వాటిని నడిపేవాళ్లను అడిగితే అందరూ చెప్పే మాట ఒకటే: చెప్పేవాళ్లు దొరకడం లేదు, పోయిన నెల చెప్పినవాళ్లనే మళ్లీ బతిమాలుతున్నాం.

కాబట్టి ఇది చదువుతున్న డీబీఏలకు నా మనవి. విజయవాడలోనో వరంగల్‌లోనో విశాఖలోనో ఉంటే మీ ఊరి ఇంజనీరింగ్ కాలేజీని శనివారం ఒక గది అడగండి, చాలావరకు ఇస్తారు. హైదరాబాద్‌లో ఉంటే గ్రూపులు ఇప్పటికే ఉన్నాయి, వాటి తర్వాతి సమావేశానికి చెప్పేవాళ్ల జాబితాలో మీ పేరివ్వండి. తెలుగులోనే చెప్పండి, క్వెరీ ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటుంది. మీ దగ్గర నెగ్గుకొచ్చిన ప్రాజెక్టు ఉంటే అది తర్వాత చూద్దాం. ముందు ఆ రాత్రి రెండింటికి ఫోను మోగినప్పుడు ఏం పోయిందో, దాన్ని ఎలా వెనక్కి తెచ్చారో చెప్పండి. కంపెనీ పేరు ఎవరూ అడగరు.